రేడియో అయోడిన్ తీసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుంది? తీసుకున్నవాళ్లు చెప్పండి

బెజవాడ_బ్యాంకమ్మ | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ మూడేళ్లుగా చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

నాకు 34 ఏళ్లు. గ్రేవ్స్ జబ్బు, అంటే థైరాయిడ్ గ్రంథి అతిగా హార్మోను తయారుచేస్తుంది. పాప పుట్టిన ఏడాదికి బయటపడింది. క్యాష్ కౌంటర్లో చేతులు వణికి నోట్లు లెక్కపెట్టలేకపోతుంటే బ్రాంచిలో అందరూ టెన్షన్ అనుకున్నారు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గితే ఏం డైటింగ్ చేస్తున్నావని అడిగారు. చివరికి గుండె దడతో ఒక రాత్రి ఆసుపత్రికి పరిగెత్తితే అప్పుడు థైరాయిడ్ టెస్టు చేశారు. ఆ హార్మోనుని తగ్గించే నియోమెర్కజోల్ మాత్రలు 18 నెలలు వాడాను. ఆపిన నాలుగు నెలలకే జబ్బు మళ్లీ వచ్చింది. రెండోసారి ఏడాది వాడాను, డోసు తగ్గించగానే మళ్లీ అదే కథ.

ఈసారి డాక్టరమ్మ రేడియో అయోడిన్ (థైరాయిడ్‌ని కాల్చేసే రేడియోధార్మిక మందు) తీసుకుందాం అన్నారు. డోసు 12 మిల్లీక్యూరీలట. ఇంట్లో చెప్పగానే మా అత్తగారు "అణుబాంబులో వాడేదాన్ని మింగుతావా?" అని అన్నం దగ్గర నుంచి లేచిపోయారు. నెట్‌లో వెతికితే సగం మంది మంచినీళ్లంత సురక్షితం అంటారు, సగం మంది క్యాన్సర్ గ్యారంటీ అంటారు.

నేను అడిగేది ఇప్పటి సంగతి కాదు, ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి. అప్పటికి నాకు 54, పాపకి 24. ఇంకో బిడ్డని కనాలనే ఆలోచన కూడా ఉంది. తీసుకుని చాలా ఏళ్లయినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

---

గోదారిగట్టు_మాస్టారు | ఆదివారం రాత్రి 11:05

అమ్మా, నేను తీసుకుంది 1998లో. రాజమండ్రిలో అప్పట్లో ఆ సదుపాయం లేదు, హైదరాబాద్ వెళ్లాను. ఏదో పెద్ద యంత్రంలో పడుకోబెడతారనుకుని భయపడ్డాను. తీరా చూస్తే చిన్న సీసాలో మంచినీళ్లలాంటిది స్ట్రాతో తాగించారు. రుచీ లేదు, వాసనా లేదు. తాగించినాయన మాత్రం గది గుమ్మం అవతల నిలబడ్డాడు, అది చూసి గుండె జారింది.

ఏడో నెలలో నా థైరాయిడ్ పూర్తిగా చచ్చిపోయింది. అది ప్రమాదం కాదు, వాళ్లు కోరుకున్నదే అది. కానీ అప్పుడు నాకెవరూ అలా చెప్పలేదు. క్లాసులో పాఠం చెబుతూ కుర్చీలోనే నిద్రపోయాను, పిల్లలు లేపలేదు (ఎందుకు లేపుతారు!). అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున ఎల్ట్రాక్సిన్, థైరాయిడ్ హార్మోను మాత్ర. ఇప్పుడు 100 మైక్రోగ్రాములు. కాఫీకి గంట ఆగాలి, ఇరవై ఏడేళ్లుగా నాకున్న ఏకైక బాధ అదే.

క్యాన్సర్ రాలేదు. కానీ నా ఒక్కడి కథ సాక్ష్యం కాదమ్మా. భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఒక్క రీడింగ్‌తో గ్రాఫ్ గీయకూడదని నేనే పిల్లలకు చెప్పేవాణ్ణి.

మీ అత్తగారికి ఈ మాట చెప్పండి. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, మరో ఎనిమిది రోజులకు అందులో సగం. ఎనభై రోజులకు వెయ్యోవంతు కూడా మిగలదు. అదీ మొత్తం ఒంట్లో ఉండిపోతేనే. థైరాయిడ్ పట్టుకోనిదంతా రెండు మూడు రోజుల్లో ఎక్కువగా మూత్రంలో పోతుంది. గ్రంథిని కాల్చేది బీటా కణాలు, అవి కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. గామా మాత్రం బయటికి వస్తుంది, అందుకే పిల్లలకు దూరంగా ఉండమంటారు.

---

వేపచెట్టు | సోమవారం ఉదయం 6:30

చెర్నోబిల్‌లో పిల్లలకు థైరాయిడ్ క్యాన్సర్లు వచ్చింది ఈ అయోడిన్-131 వల్లే. ఈ మాట ఏ డాక్టరూ చెప్పడు. బయట నుంచి వస్తే విషం, ఆసుపత్రిలో బిల్లు వేసి ఇస్తే మందు. అక్కా, ఆరు నెలలు అశ్వగంధ, ధనియాల కషాయం వాడి చూడండి. మా పిన్నికి తగ్గింది.

---

గోదారిగట్టు_మాస్టారు | సోమవారం ఉదయం 7:15

నాయనా, చెర్నోబిల్ మాట నువ్వు ఎత్తడమే మంచిదైంది. అక్కడే అసలు విషయం ఉంది.

1986లో అక్కడి పిల్లలు పాలల్లో, ఆకుకూరల్లో వచ్చిన అయోడిన్‌ని మింగారు. పసివాళ్ల గ్రంథి చిన్నది, అందులోని కణాలు ఇంకా విభజన చెందుతూ ఉంటాయి. ఆ మోతాదు కణాన్ని చంపలేదు, గాయపరిచి బతకనిచ్చింది. బతికిన గాయపడ్డ కణమే తర్వాత క్యాన్సర్ అయింది. గ్రేవ్స్‌కి ఇచ్చేది ఆ కణాలు చనిపోయేంత మోతాదు. చచ్చిన కణం క్యాన్సర్ కాలేదు. అందుకే పెద్దవాళ్ల థైరాయిడ్ గురించి భయం తక్కువ. భయపడాలంటే మిగతా అవయవాల గురించి భయపడాలి: పొట్ట, లాలాజల గ్రంథులు, రొమ్ము. వాటికి తక్కువ మోతాదు తగులుతుంది, అవి చావవు. నీ ప్రశ్న తప్పు కాదు, తప్పు చోట పెట్టావు.

ధనియాల సంగతి నాకు తెలియదు. పులుసులో బాగుంటాయి.

---

న్యూజెర్సీ_సుబ్బు | సోమవారం రాత్రి 8:50

మాస్టారు చెప్పిన "మిగతా అవయవాలు" దగ్గర నేను అందుకుంటాను. నేను డాక్టర్ని కాను, బయోస్టాటిస్టిక్స్ నా ఉద్యోగం. మా ఆవిడకి ఇదే సమస్య వచ్చినప్పుడు రెండు నెలలు ఈ పేపర్లన్నీ చదివాను.

ఈ వైద్యం 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు మొదలుపెట్టారు. అంటే ఎనభై ఏళ్లు దాటింది. ఇంత కాలం వెనక్కి తిరిగి చూడగలిగిన మందులు మనకి ఎక్కువ లేవు.

అమెరికాలో 1946 నుంచి 1964 దాకా హైపర్‌థైరాయిడ్‌కి (థైరాయిడ్ అతిగా పనిచేయడానికి) వైద్యం చేయించుకున్నవాళ్లని దశాబ్దాల పాటు వెంటాడి చూశారు. 1998లో వచ్చిన లెక్క: సుమారు 35,600 మంది, మొత్తం క్యాన్సర్ మరణాలు పెరగలేదు. 1999లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి 7,417 మంది లెక్క: మొత్తం క్యాన్సర్లు మామూలు జనాభాకన్నా తక్కువే, కానీ చిన్నపేగు, థైరాయిడ్ క్యాన్సర్లు మాత్రం కొద్దిగా ఎక్కువ (అవి అరుదైనవే). ఫిన్లండ్ నుంచి 2007లో వచ్చినది మాత్రం క్యాన్సర్లు ఎక్కువే అంది.

2019లో పాత అమెరికా రోగులనే మళ్లీ తీసుకుని, అందులో 18,805 మందికి ఒక్కో అవయవానికి ఎంత రేడియేషన్ తగిలిందో కొత్తగా లెక్కగట్టారు. పొట్టకి తగిలిన ప్రతి 100 మిల్లీగ్రేల రేడియేషన్‌కి గడ్డల రకం క్యాన్సర్ మరణాల ముప్పు 6 శాతం, రొమ్ముకి తగిలిన ప్రతి 100కి రొమ్ము క్యాన్సర్ మరణం ముప్పు 12 శాతం పెరిగిందన్నారు. ఇప్పటి మామూలు డోసులతో 40 ఏళ్ల వయసులో తీసుకున్న వెయ్యి మందిలో, జీవితకాలం మొత్తం మీద 19 నుంచి 32 అదనపు క్యాన్సర్ మరణాలు ఉండొచ్చని అంచనా వేశారు.

ఈ ఒక్క పేపర్ వల్లే నెట్‌లో ఇంత గోల.

---

బెజవాడ_బ్యాంకమ్మ | సోమవారం రాత్రి 11:40

వెయ్యికి 32 మందా??? సుబ్బు గారూ, ఇది చదివాక నిద్ర పట్టడం లేదు. బ్యాంకులో వెయ్యి మందిని రోజుకి చూస్తాను నేను.

---

న్యూజెర్సీ_సుబ్బు | మంగళవారం ఉదయం 5:20

అయ్యో అక్కా, సగం చెప్పి పడుకున్నాను. తప్పు నాదే.

ఒకటి, అమెరికాలో ఏ అయోడిన్ తీసుకోకపోయినా వెయ్యిలో రెండొందల మంది దాకా క్యాన్సర్‌తోనే పోతారు. ఆ రెండొందలు 219 నుంచి 232 అవుతుందని వాళ్ల అంచనా. చిన్నది కాదు, కానీ "క్యాన్సర్ గ్యారంటీ" కూడా కాదు.

రెండు, ఆ లెక్కలో అసలు రేడియేషన్ తీసుకోనివాళ్లతో పోలిక లేదు. ఎక్కువ డోసు వాళ్లని తక్కువ డోసు వాళ్లతో పోల్చారు. ఎక్కువ డోసు ఎవరికిస్తారు? గ్రంథి పెద్దదై జబ్బు ముదిరినవాళ్లకి. జబ్బు తీవ్రతే ముప్పు పెంచిందా, డోసు పెంచిందా? పొగతాగే అలవాటు సమాచారం కూడా సరిగ్గా లేదు. అమెరికా న్యూక్లియర్ మెడిసిన్ వైద్యుల సంఘం ఇలాంటి అభ్యంతరాలే చెప్పింది. అయితే నా మట్టుకు నేను ఆ పేపర్ని కొట్టిపారేయను. డోసు పెరిగే కొద్దీ ముప్పు వరుసగా పెరగడం అనేది యాదృచ్ఛికంగా వచ్చే ఆకారం కాదు. 2021లో చాలా అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు కూడా మొత్తంగా క్యాన్సర్ పెరగలేదు అంటూనే, డోసుతో పాటు ముప్పు పెరిగే జాడ ఉందన్నారు.

మూడోది అందరూ మర్చిపోయేది. హైపర్‌థైరాయిడ్‌ని అదుపు చేయకుండా వదిలేయడం కూడా ఖరీదైనదే. వేల్స్‌లో 4,189 మంది గ్రేవ్స్ రోగులని చూస్తే, ఏ వైద్యమైనా సరే, ఏడాదిలోపు జబ్బు అదుపులోకి వచ్చినవాళ్లు ఎక్కువ కాలం బతికారు. అంటే మీరు పోల్చాల్సింది "అయోడిన్ ముప్పు, సున్నా ముప్పు" కాదు. అయోడిన్, మాత్రలు, ఆపరేషన్, ఈ మూడింటి ముప్పుల్లో ఏది మీకు నప్పుతుంది అని.

ఊరికే ఒక మాట. పెద్ద బుష్, బార్బరా బుష్ ఇద్దరికీ గ్రేవ్స్ వచ్చింది, ఇద్దరూ రేడియో అయోడిన్ తీసుకున్నారు, ఆయన 1991లో అధ్యక్షుడిగా ఉండగానే. ఇద్దరూ తొంభై దాటాకే 2018లో పోయారు. గేల్ డెవర్స్ అయితే తీసుకున్నాక 1992లో బార్సిలోనాలో, 1996లో అట్లాంటాలో 100 మీటర్ల స్వర్ణాలు గెలిచింది. మాస్టారు చెప్పినట్టు ఇవి సాక్ష్యాలు కావు, ఇంట్లో చెప్పుకోవడానికి పనికొస్తాయి.

---

పాపిలరీ_2016 | మంగళవారం మధ్యాహ్నం 1:30

అందరూ ఒకే గంపలో వేసి మాట్లాడుతున్నారు, కొంచెం ఆగండి. గ్రేవ్స్‌కి ఇచ్చే డోసు వేరు, క్యాన్సర్‌కి ఇచ్చేది వేరు. గ్రేవ్స్‌కి సాధారణంగా 10 నుంచి 15. నాకు 2016లో థైరాయిడ్ తీసేశాక ఇచ్చింది 150. మూడు రోజులు ఐసోలేషన్ గది. ఫోన్‌కి పాలిథిన్ కవరు, భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లడం, నర్సు ఇంటర్‌కామ్‌లో పలకరించడం. అదంతా భరించాను.

భరించలేనిది తర్వాత వచ్చింది. రెండు నెలలకి చెవుల కింద వాపు. తిన్నప్పుడల్లా దవడ దగ్గర బిగుసుకుపోయే నొప్పి. నోరు ఎండిపోయింది, తొమ్మిదేళ్లయినా పూర్తిగా బాగవలేదు. సంచిలో నీళ్ల సీసా లేకుండా గడప దాటను. వేరుశనగ పొడితో ఇడ్లీ తింటే గొంతులో ఇసుక. మూడు పళ్లు పుచ్చి తీయించుకున్నాను. ఎడమ కంటి నుంచి ఊరికే నీళ్లు కారతాయి, కన్నీటి నాళం మూసుకుపోయిందట. ఆ ఆసుపత్రిలో సంతకం పెట్టించుకున్న కాగితంలో ఇవన్నీ ఉన్నాయేమో, నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు. "క్యాన్సర్ కదమ్మా, మంచి క్యాన్సర్" అన్నారు. మంచి క్యాన్సర్ అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకా మండేది ఏమిటంటే, నాది చిన్న గడ్డ, పక్క గ్రంథులకి పాకలేదు. 2012లోనే ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో చేసిన రెండు పెద్ద ట్రయల్స్‌లో తక్కువ ముప్పున్నవాళ్లకి 30 మిల్లీక్యూరీలు 100 అంత బాగానే పనిచేస్తుందని తేలింది. 2022లో ఫ్రాన్స్ వాళ్లు మరో అడుగు వేసి, తక్కువ ముప్పు గడ్డలకి ఆపరేషన్ తర్వాత అసలు అయోడిన్ ఇవ్వకపోయినా మూడేళ్లకి తేడా లేదన్నారు. నాకు 150 ఎందుకిచ్చారని ఇప్పుడు అడగడానికి ఆ డాక్టరు అక్కడ లేరు.

బ్యాంకమ్మ గారూ, మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. మీ డోసుకి ఇవి రావడం చాలా అరుదు. ఈ దారం చదివే క్యాన్సర్ వాళ్ల కోసం రాస్తున్నాను. ఎన్ని మిల్లీక్యూరీలు, ఎందుకు అని అడగండి.

---

న్యూజెర్సీ_సుబ్బు | మంగళవారం సాయంత్రం 6:02

పాపిలరీ గారూ, చదివి కష్టంగా అనిపించింది. మీరన్నది అక్షరాలా నిజం, రెండో క్యాన్సర్ భయం కూడా ప్రధానంగా ఆ పెద్ద డోసులదే. స్వీడన్, ఇటలీ, ఫ్రాన్స్‌ల 6,841 మంది థైరాయిడ్ క్యాన్సర్ రోగుల లెక్క 2003లో వచ్చింది: 100 మిల్లీక్యూరీలు తీసుకున్న పదివేల మందిలో పదేళ్లలో అదనంగా 53 గడ్డల క్యాన్సర్లు, 3 లుకేమియాలు. గడ్డ ప్రమాదకరమైనదైతే ఆ బేరం లాభమే. చిన్న గడ్డకి కాదు.

---

హాట్‌ల్యాబ్_రవ్వ | మంగళవారం రాత్రి 9:48

హైదరాబాద్‌లో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. పదమూడేళ్లుగా ఇదే పని. మాస్టారు గారిని గుమ్మం అవతల నిలబడి తాగించింది నాలాంటివాడే. మాకు రోజుకి ఒక్కరు కాదు కదండీ, అందుకే దూరం. ఛాతీ మీద ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. నాది ఎప్పుడూ దాని దరిదాపుల్లోకి రాలేదు. నా ఇద్దరు పిల్లలూ ఈ ఉద్యోగంలోకి వచ్చాక పుట్టినవాళ్లే.

మా దగ్గరికి వచ్చే మందు ట్రాంబేలో ధ్రువ రియాక్టర్‌లో తయారై, నవీ ముంబైలోని బ్రిట్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి సీసపు డబ్బాలో వస్తుంది. ప్రతి డబ్బా మీద ఏ రోజు ఏ గంటకి ఎంత బలం అని రాసి ఉంటుంది. ఒక్క రోజు ఆలస్యమైతే 8 శాతం తగ్గిపోతుంది. అందుకే చెప్పిన రోజుకి రండి బాబూ అని బతిమాలేది. ముహూర్తం బాగోలేదని వచ్చే మంగళవారం వస్తామనేవాళ్లు చాలామంది.

30 మిల్లీక్యూరీలు దాటితే మన దగ్గర ఐసోలేషన్ గది తప్పనిసరి. ఆ గది బాత్రూము నీళ్లు కూడా నేరుగా డ్రైనేజీలోకి పోవు, డిలే ట్యాంకులో నిలవ ఉంచి బలం తగ్గాక వదులుతారు. 12 అయితే మింగి ఇంటికెళ్లిపోవచ్చు.

ఇంటి సంగతి. విడిగా పడుకోవడం, చంటిపిల్లలకీ గర్భిణులకీ ఒకటి రెండు మీటర్ల దూరం, బాత్రూములో రెండుసార్లు ఫ్లష్, మగవాళ్లు కూడా కూర్చునే పోయడం, కంచం గ్లాసు వేరుగా వాడటం. ఎన్ని రోజులన్నది మీ డోసుని బట్టి ఆసుపత్రి చీటీ మీద రాసిస్తారు, దాన్నే పాటించండి. పాపకి నాలుగేళ్లు అంటే అసలు కష్టం అదే. వద్దంటే ఒళ్లోకి దూకే వయసు. తాతగారింటికి పంపేయండి.

మందు మింగే రోజు ఆడవాళ్లకి గర్భం టెస్టు చేయకుండా ఇవ్వం. 10, 12 వారాల నుంచి కడుపులో బిడ్డ థైరాయిడ్ అయోడిన్‌ని పట్టుకుంటుంది. పాలిచ్చే తల్లులైతే కొన్ని వారాల ముందే పాలు మాన్పించాలి, ఆ బిడ్డకి మళ్లీ మొదలుపెట్టకూడదు.

అన్నట్టు విమానం ఎక్కేవాళ్లు ఆసుపత్రి నుంచి ఉత్తరం తీసుకోండి. విమానాశ్రయాల్లో కొన్ని యంత్రాలు వారాల తర్వాత కూడా కూస్తాయి. మా పేషెంట్ ఒకాయన్ని విదేశంలో రెండు గంటలు కూర్చోబెట్టారు.

---

కరీంనగర్_చిన్నోడు | బుధవారం ఉదయం 8:10

మా నాయినకి 63. థైరాయిడ్ పెరిగి గుండె లయ తప్పింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నరు. మాత్రలతో తెల్లకణాలు పడిపోయినయి, జ్వరం వచ్చి ఐసీయూ దాకా పోయిండు. ఇప్పుడు ఆ మాత్రలు మళ్లీ ముట్టొద్దట. ఆపరేషన్‌కి గుండె డాక్టరు ఒప్పుకుంటలేడు. ఇక మిగిలింది అయోడినే. ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్ అంటే ఆయన నవ్విండు. "83 దాకా ఉంటనని నువ్వే చెప్పినవ్ గదరా" అన్నడు. ఈ శుక్రవారమే.

---

హాట్‌ల్యాబ్_రవ్వ | బుధవారం ఉదయం 8:25

తమ్ముడూ, గుండె మాత్రలు ఆపొద్దు. మింగిన తర్వాత మొదటి రెండు మూడు వారాల్లో గ్రంథిలో నిలవున్న హార్మోను ఒక్కసారిగా బయటికి రావచ్చు. మందు పనిచేయడానికి ఆరు వారాల నుంచి ఆరు నెలలు. దడ పెరిగితే వెంటనే డాక్టరుకి ఫోన్.

---

వేపచెట్టు | బుధవారం ఉదయం 9:00

అశ్వగంధ గురించి ఎవరూ మాట్లాడరేం?

---

ఓరుగల్లు_ఎండో | బుధవారం రాత్రి 10:30

నేను మాట్లాడతాను. హనుమకొండలో ఎండోక్రైనాలజిస్టుని. ఈ వేదికలో వైద్యం చేయను, సాధారణ విషయాలే చెబుతాను.

అశ్వగంధ థైరాయిడ్ హార్మోనుని పెంచగలదు. హైపర్‌థైరాయిడ్ ఉన్నవాళ్లకి అది అగ్గికి గాలి. దానివల్ల దడ పెరిగి వచ్చినవాళ్లని చూశాను. దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. మీ పిన్ని గారికి తగ్గింది నిజమే కావచ్చు, గ్రేవ్స్ కొందరిలో కొన్నాళ్లు దానంతటదే తగ్గుతుంది.

బ్యాంకమ్మ గారికి. ఇరవై ఏళ్ల తర్వాతి క్యాన్సర్ గురించి ఇన్ని పోస్టులు వచ్చాయి, మీ నిర్ణయాన్ని అసలు మార్చగలిగినవి రెండున్నాయి, వాటిని ఎవరూ అడగలేదు.

కళ్లు ఎలా ఉన్నాయి? గ్రేవ్స్‌లో కంటి జబ్బు ఉంటే రేడియో అయోడిన్ దాన్ని పెంచే అవకాశం ఉంది. 1998లో ఇటలీలో చేసిన ట్రయల్‌లో అయోడిన్ తీసుకున్నవాళ్లలో 15 శాతం మందికి కంటి జబ్బు ముదిరింది, మాత్రల వాళ్లలో 3 శాతం మందికే. అయోడిన్‌తో పాటు స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో ఎవరికీ ముదరలేదు. పొగతాగితే ముప్పు ఇంకా ఎక్కువ. పొద్దున లేవగానే రెప్పలు ఉబ్బడం, కళ్లు ఎర్రబారడం, పక్కకి చూస్తే నొప్పి, ఇవి ఉంటే ముందు కంటి డాక్టరు.

రెండోది, రెండో బిడ్డ ఎప్పుడు? అయోడిన్ తర్వాత కనీసం ఆరు నెలలు గర్భం వద్దంటాం. మగవాళ్లయితే నాలుగు నెలలు ఆగాలి. దాని తర్వాత పుట్టిన పిల్లల్లో అవకరాలు పెరిగినట్టు కనిపించలేదు, ఆ భయం వద్దు. కానీ గ్రేవ్స్‌కి కారణమైన యాంటీబాడీలు, ట్రాబ్ అంటాం, అయోడిన్ తర్వాత కొన్ని నెలలు పెరిగి చాలా నెమ్మదిగా దిగుతాయి, ఒక్కోసారి ఏళ్లు. తల్లి థైరాయిడ్ పోయినా ఆ యాంటీబాడీలు మాయని దాటి బిడ్డ థైరాయిడ్‌ని రెచ్చగొట్టగలవు. ఆపరేషన్ తర్వాత అవి త్వరగా తగ్గుతాయి. అలాగని ఆపరేషన్ ఉచితం కాదు, గొంతు నరం, కాల్షియం గ్రంథులు దెబ్బతినే ముప్పు ఉంది, చేసే చేతిని బట్టి ఉంటుంది. నియోమెర్కజోల్ మీదే గర్భం వస్తే మొదటి మూడు నెలల్లో బిడ్డకి అవకరాల ముప్పు, అందుకని వేరే మందుకి మారుస్తాం, దానికి కాలేయంతో పేచీ.

ఇంకో దారి ఉంది. చిన్న డోసు మాత్రలనే ఏళ్ల తరబడి కొనసాగించడం. ఇరాన్‌లో అజీజీ గారి బృందం దీన్ని చాలాకాలం చేసి చూపించింది. మన దగ్గర 18 నెలలు కాగానే ఆపేయాలి అన్నట్టు చేస్తారు, అది శిలాశాసనం కాదు.

మీ డాక్టరు తప్పు చెప్పారని అనడం లేదు. బ్రిటన్‌లో 2019 మార్గదర్శకాలు గ్రేవ్స్‌కి చాలామందిలో రేడియో అయోడిన్‌నే మొదటి వైద్యంగా పెట్టాయి. ట్రాబ్ ఎంతో, కళ్లు ఎలా ఉన్నాయో చూసి మళ్లీ మాట్లాడండి.

---

బెజవాడ_బ్యాంకమ్మ | బుధవారం రాత్రి 11:15

డాక్టరు గారూ... పొద్దున్నే రెప్పలు ఉబ్బుతాయి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల అనుకున్నాను. కళ్లజోడు కూడా మార్చాను.

---

ఓరుగల్లు_ఎండో | బుధవారం రాత్రి 11:20

కంటి డాక్టరు. ఈ వారంలోనే.

---

పాపిలరీ_2016 | గురువారం ఉదయం 7:40

ఇక్కడే ఇంకో మాట, ఐసోలేషన్‌కి వెళ్లబోయే క్యాన్సర్ వాళ్లకి. ముందు రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి అంటారు. అయోడైజ్డ్ ఉప్పు, పాలు, చేపలు, గుడ్డు పచ్చసొన మానేయాలి. మేం కల్లుప్పుకి మారి హాయిగా ఉన్నాం, ప్యాకెట్ తిప్పి చూస్తే దాని మీదా "అయోడైజ్డ్" అని ఉంది! ఇంట్లో ఆవకాయ ఏ ఉప్పుతో పెట్టారో మా అమ్మకి గుర్తులేదు, జాడీ అటకెక్కించారు. నిమ్మచెక్క చప్పరించడం మాత్రం మొదటి రోజు దాటాకే మొదలుపెట్టమన్నారట ఈ మధ్య, మొదటి గంటల్లో చప్పరిస్తే లాలాజల గ్రంథులకి రక్తం, దాంతో అయోడిన్ ఎక్కువ చేరతాయని. నేను మొదటి గంట నుంచే చప్పరించాను, అదీ నా అదృష్టం.

---

వేపచెట్టు | గురువారం ఉదయం 10:05

సరే, అశ్వగంధ మాట వెనక్కి తీసుకుంటున్నా. పిన్నికి ఫోన్ చేశాను, ఆవిడది హైపో (థైరాయిడ్ తక్కువగా పనిచేయడం) అట, హైపర్ కాదట.

---

గోదారిగట్టు_మాస్టారు | గురువారం ఉదయం 10:12

:-) ధనియాలు ఉంచుకో.

---

బెజవాడ_బ్యాంకమ్మ | పదకొండు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 5:30

దారం పైకి లాగుతున్నందుకు క్షమించండి. అడిగి మాయమైపోయానని మాస్టారు వేరే చోట అన్నారట, చెవిన పడింది.

కంటి డాక్టరు గ్రేవ్స్ కంటి జబ్బే అన్నారు, తేలికపాటిది, కానీ రగులుతోంది. ట్రాబ్ పై హద్దుకి ఎనిమిది రెట్లు ఉంది. రెండు కాగితాలూ చూసి మా డాక్టరమ్మే "అయితే అయోడిన్ వద్దు" అన్నారు, చిన్నబుచ్చుకోలేదు కూడా. స్టెరాయిడ్ వేసుకుని అయోడిన్ తీసుకోవచ్చు గానీ, రెండో బిడ్డ ఆలోచన ఉంది కాబట్టి ఆపరేషనే మేలన్నారు. ఏడాదికి థైరాయిడ్ ఆపరేషన్లు ఎన్ని చేస్తారని సర్జన్‌ని మొహం మీదే అడిగాను. ఆయన నవ్వి లెక్క చెప్పారు.

అయిపోయి నెల దాటింది. మొదటి పది రోజులు వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కాయి, కాల్షియం మాత్రలు గుప్పెళ్లతో మింగాను, ఇప్పుడు సర్దుకుంది. గొంతు కొంచెం బొంగురు, సాయంత్రానికి ఎక్కువవుతుంది. థైరాయిడ్ హార్మోను మాత్ర థైరోనార్మ్ పరగడుపున. కాఫీకి గంట ఆగడం ఎంత నరకమో మాస్టారు ఇరవై ఏడేళ్లుగా ఎలా భరిస్తున్నారో.

అణుబాంబు వద్దన్న మా అత్తగారు ఇప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ "గొంతు కోయించుకుంది, ఆ మాత్ర మింగితే పోయేది కదా" అని చెబుతున్నారు.

కరీంనగర్ తమ్ముడూ, నాన్నగారు ఎలా ఉన్నారు?

---

కరీంనగర్_చిన్నోడు | శనివారం రాత్రి 9:15

మంచిగున్నడు అక్కా. పోయిన వారం టెస్టుల్లో హైపోలోకి వచ్చిండు, మాత్ర మొదలుపెట్టిన్రు. గుండె లయ కూడా సర్దుకుంది, రక్తం పలచబడే మందు మాత్రం ఇంకా నడుస్తుంది.

మొదటి వారమే గమ్మత్తు. ఆయన్ని పై గదిలో ఉంచినం. మా కొడుకు మెట్ల కింద నిలబడి స్కోరెంత తాతా అని అరుస్తుండె, ఆయన పైనుంచి చెప్తుండె. ఎనిమిదో రోజు కిందికి దిగితే వాడు దగ్గరికి రాలే. ఇంకా వెలుగుతున్నవా అని అడిగిండు.

రవ్వన్నా, ఒక్క డౌటు. ఆయన వాడిన స్టీలు కంచం మా అమ్మ ఇంకా విడిగానే పెడుతుంది. పారెయ్యాల్నా?

---

హాట్‌ల్యాబ్_రవ్వ | శనివారం రాత్రి 9:22

పదకొండు వారాలైంది తమ్ముడూ. మొదటి రోజే కడిగి ఉంటే సరిపోయేది. అమ్మకి చెప్పి అందులోనే అన్నం పెట్టమను.